పాత జిప్సీకి వేగం తెలిసేలా చేయడం: ప్రాజెక్టు డైరీ

జూన్ 8, ఆదివారం

నా పాత మారుతి జిప్సీలో ఉన్న 970 సీసీ కార్బురేటర్ ఇంజిన్‌ను తీసివేసి, దాని స్థానంలో ఒక్కో సిలిండర్‌కు విడిగా పెట్రోలు చిమ్మే 1298 సీసీ ఎంపీఎఫ్‌ఐ ఇంజిన్‌ను, దానితోపాటు వచ్చిన అయిదు గేర్ల పెట్టెను, ఇంజిన్ శక్తిని ముందు వెనక ఇరుసులకు పంచే ట్రాన్స్‌ఫర్ కేసును బిగించడం గత నెలతో పూర్తయింది. ఇరుసులు మాత్రం పాతవే ఉంచాను. 1985లో మన దేశంలో అమ్మకానికి వచ్చిన జిప్సీని 2019 తరువాత సామాన్యులకు అమ్మడం మానివేశారు కాబట్టి, ఈ సామాన్లన్నీ ఆటోనగర్‌లోని పాత సామాన్ల దుకాణాల్లో వెతికి తెచ్చినవే. ఇంజిన్ నంబరు మార్పును ఆర్‌సీలో నమోదు చేయించిన తరువాతనే బండిని రోడ్డెక్కించాను. ఆ తతంగం గురించి రాయబోతే డైరీ అంతా దానికే సరిపోతుంది.

బండి బాగానే లాగుతోంది. కానీ విశాఖపట్నంలోని గోపాలపట్నం నుంచి బయలుదేరి ఎన్‌ఏడీ కూడలి దగ్గర వేగం తగ్గించి, క్లచ్ తొక్కి, సిగ్నల్ దగ్గరికి చేరేలోపు ఇంజిన్ ఆగిపోతోంది. తాళం తిప్పితే వెంటనే అందుకుంటుంది, మళ్లీ తరువాతి కూడలిలో అదే వరస. మూడు సిగ్నళ్లు దాటేసరికి మీటరు పలకలో చెక్ ఇంజిన్ దీపం కూడా వెలిగింది.

కంచరపాలెంలో నాకు సాయం చేస్తున్న మెకానిక్ థ్రాటిల్ బాడీని శుభ్రం చేశాడు, ఐడ్లింగు (యాక్సిలరేటర్ తొక్కనప్పుడు ఇంజిన్ నెమ్మదిగా తిరగడం) గాలి వాల్వును మార్చి చూశాడు, పెట్రోలు పీడనం కొలిచాడు. ఏదీ తేడాగా లేదు. స్పీడ్ సెన్సర్ లేకపోవడమే కారణమేమో అని నేను అంటే నవ్వాడు. "మీటరు తిరగకపోతే ఇంజినెందుకు ఆగిపోద్ది సార్? రెండింటికీ ఏటి సంబంధం?" అన్నాడు. కార్బురేటర్ బండికైతే అతని మాట అక్షరాలా నిజం. పాత స్పీడోమీటరులో విద్యుత్తు ప్రసక్తే లేదు. ట్రాన్స్‌ఫర్ కేసు నుంచి వచ్చే కేబులు మీటరు లోపల ఒక అయస్కాంతాన్ని తిప్పుతుంది, ఆ అయస్కాంతం తనను తాకకుండా చుట్టూ ఉన్న అల్యూమినియం గిన్నెను సుడి ప్రవాహాల బలంతో లాగుతుంది, సన్నని స్ప్రింగు ఆ లాగుడును ఆపినచోట ముల్లు నిలబడుతుంది. ఇంజిన్‌కు ఆ సంగతేమీ తెలియదు.

ఎంపీఎఫ్‌ఐ ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్, అంటే ఈసీయూ, బండి కదులుతోందా నిలబడి ఉందా అన్నది తెలుసుకుని తీరాలి. యాక్సిలరేటర్ వదిలిన తరువాత బండి ఇంకా దొర్లుతూ ఉంటే అది గాలి వాల్వును కొంత ఎక్కువగా తెరిచి ఉంచి, ఇంజిన్ చుట్లు ఒక్కసారిగా పడిపోకుండా మెల్లగా దించుతుంది. వేగం ఎప్పుడూ సున్నా అనే కనిపిస్తూ ఉంటే, గంటకు 30 కిలోమీటర్ల వేగంలో నేను క్లచ్ తొక్కినా, నిలబడి ఉన్న బండిలో ఎవరో యాక్సిలరేటర్ నొక్కి వదిలారని అనుకుంటుంది. చుట్లు జారిపోయాక అది సర్దుకోబోయేసరికి ఆలస్యమైపోతుంది.

జూన్ 10, మంగళవారం

ఈసీయూకు ఎలాంటి సంకేతం కావాలో ముందు తేల్చుకోవలసి వచ్చింది. ఇంజిన్‌తోపాటు వచ్చిన వైరింగులో స్పీడ్ సెన్సర్ తీగ మీటరు పలక వైపు వెళ్లి తెగి ఉంది. దీన్నిబట్టి ఆ బండిలో సెన్సర్ గేరు పెట్టె మీద కాకుండా మీటరు లోపలే ఉండేదని అర్థమైంది. ఆ కాలపు జపాన్ బండ్లలో ఇది మామూలు పద్ధతి. కేబులు తిప్పే అయస్కాంతం పక్కన గాజు గొట్టంలోని, అయస్కాంతం దగ్గరికి వస్తే మూసుకునే చిన్న రీడ్ స్విచ్చును ఉంచుతారు. కేబులు ఒక చుట్టు తిరిగితే స్విచ్చు నాలుగుసార్లు మూసుకుని తెరుచుకుంటుంది. జపాన్ ప్రమాణం ప్రకారం గంటకు 60 కిలోమీటర్ల వేగంలో ఈ కేబులు నిమిషానికి 637 చుట్లు తిరగాలి. ఆ వేగంలో నిమిషానికి ఒక కిలోమీటరు పోతాము కాబట్టి, కిలోమీటరుకు 637 చుట్లు, చుట్టుకు 4 చొప్పున 2548 స్పందనలు (పల్సులు). నా ఈసీయూ ఎదురుచూసే లెక్క అదే.

ఈ సంఖ్య అన్ని బండ్లకూ ఒకటి కాదు, మార్పిడి పనుల్లో చాలామంది బోల్తాపడేది ఇక్కడే. అమెరికన్ జీపుల్లో 1990ల నాటి సెన్సర్ చుట్టుకు 8 చొప్పున మైలుకు 8000 స్పందనలు ఇచ్చేది. జనరల్ మోటార్స్ గేరు పెట్టెల్లో చాలావాటికి అవుట్‌పుట్ షాఫ్టు మీద 40 పళ్ల చక్రం ఉంటుంది. ఒకదాని ఇంజిన్‌ను, మరొకదాని ట్రాన్స్‌ఫర్ కేసును, ఇంకొకదాని ఇరుసును కలిపి కట్టినప్పుడు ప్లగ్గు సరిపోయినంత మాత్రాన లెక్క సరిపోదు.

తెగిన తీగను ఎక్కడా కలపకుండా, తాళం ఆన్ చేసి, దానికీ భూమి (ఎర్త్) తీగకూ మధ్య మల్టీమీటరు పెట్టాను. వోల్టేజి కనిపించింది. ఈసీయూ లోపలే ఆ తీగకు వోల్టేజి అందించే పుల్-అప్ నిరోధం ఉందని, అవతల నేను చేయవలసిందల్లా ఆ తీగను భూమికి తాకించి వదలడమేనని దీనివల్ల తెలిసింది. ఈ ఒక్క కొలత చేయకుండా సెన్సర్ కొనడానికి వెళ్లకూడదు. రెండు తీగల అయస్కాంత చుట్ట సెన్సర్ ఇచ్చే ఏసీ తరంగం ఇలాంటి తీగకు పనికిరాదు. పైగా దాని వోల్టేజి వేగంతోపాటు పెరుగుతుంది, నడక వేగంలో దాదాపు ఏమీ ఉండదు. కొండదారిలో పాకే బండికి అటువంటి సెన్సర్ చివరి ఎంపికే కావాలని నా అభిప్రాయం.

జూన్ 14, శనివారం

తెచ్చిన ట్రాన్స్‌ఫర్ కేసులో కేబులును తిప్పే నైలాన్ గేరు పళ్లు పూర్తిగా అరిగిపోయి ఉన్నాయి. కొత్త గేరు దొరికేవరకు వేచి ఉండడం ఇష్టంలేక, షాఫ్టు మీదనే అయస్కాంతం బిగించి సంకేతం తీసుకుందామని నిర్ణయించుకున్నాను. అయితే ఏ షాఫ్టు?

జిప్సీలో ట్రాన్స్‌ఫర్ కేసు గేరు పెట్టెకు అతుక్కుని ఉండదు. విడిగా, రబ్బరు మౌంట్ల మీద వేలాడుతూ ఉంటుంది, రెండింటి మధ్య ఒక పొట్టి షాఫ్టు ఉంటుంది. బండి కిందికి దూరితే ముందు చేతికి అందేది అదే. కేసు లోపలి నిష్పత్తులు హైలో (మామూలు ప్రయాణానికి) 1.409, లోలో (కష్టమైన దారిలో నెమ్మదిగా లాగడానికి) 2.268. ఇక చక్రాల లెక్క కావాలి. వెనక చక్రం ఒకదాన్ని జాకీ మీద లేపి, పది చుట్లు తిప్పి, వెనక ఇరుసును తిప్పే ప్రొపెల్లర్ షాఫ్టు మీద సుద్దతో గీసిన గీత ఎన్నిసార్లు తిరిగిందో లెక్కపెట్టాను. ఇరవైన్నర వచ్చింది. ఇరుసు నిష్పత్తి రెండేమిటని అయోమయపడి మరోసారి తిప్పాను, మళ్లీ ఇరవైన్నరే. రెండో చక్రం నేల మీద కదలకుండా ఉన్నప్పుడు డిఫరెన్షియల్ లేచిన చక్రానికి రెట్టింపు చుట్లు ఇస్తుందన్న సంగతి టీ తాగుతుండగా తట్టింది. ఇరవైన్నరను రెట్టింపు చేస్తే 41, అంటే నిష్పత్తి 4.1కి దగ్గర. పాత ఇరుసుకు 4.11 అని నేను ముందునుంచీ అనుకుంటున్నదే.

జాకీ లెక్క మీద నమ్మకం తగ్గి, బండిని దింపి, న్యూట్రల్‌లో పెట్టి, మా వీధిలో ఇద్దరు కుర్రాళ్ల సాయంతో తోశాను. చక్రం మీది గీత పదిసార్లు నేలను తాకేసరికి బండి 21.4 మీటర్లు కదిలింది, ప్రొపెల్లర్ షాఫ్టు 41 చుట్లు దాటి కాస్త తిరిగింది. 215/75 ఆర్15 టైరు వ్యాసం కాగితం మీద 703.5 మిల్లీమీటర్లు, చుట్టుకొలత 2.21 మీటర్లు. బరువు మోస్తున్నప్పుడు టైరు కొంచెం అణుగుతుంది కాబట్టి నాకు 2.14 వచ్చింది. ఎప్పుడూ కాగితం మీది అంకె కాకుండా తోసి కొలిచిన అంకెనే వాడాలి. దీని ప్రకారం కిలోమీటరుకు వెనక ప్రొపెల్లర్ షాఫ్టు 1921 చుట్లు తిరుగుతుంది.

ఇప్పుడు 1921ని 1.409తో గుణిస్తే 2707. అంటే పొట్టి షాఫ్టు మీద ఒకే ఒక్క అయస్కాంతం పెడితే కిలోమీటరుకు 2707 స్పందనలు, కావలసింది 2548, తేడా ఆరు శాతం. ఇంత సులువుగా అయిపోతుందని సంబరపడి సాయంత్రానికే ఒక అయస్కాంతం, ఒక రీడ్ స్విచ్చు బిగించేశాను.

జూన్ 15, ఆదివారం

ఎన్‌ఏడీ కూడలిలో బండి ఆగలేదు. మద్దిలపాలెంలోనూ, హనుమంతవాకలోనూ ఆగలేదు. యాక్సిలరేటర్ వదిలి దొర్లుతుంటే చుట్లు మెల్లగా దిగి, నిలబడ్డాక ఐడ్లింగులో స్థిరపడ్డాయి. ఈసీయూకు వెళ్లే స్పందనలనే లెక్కపెట్టి వేగం చూపేలా ఆర్డుయినో బోర్డుతో నేను కట్టిన చిన్న డిస్‌ప్లే 34 చూపుతుంటే ఫోనులోని జీపీఎస్ 32 చూపింది.

ఆనందపురం దాటాక ఒక మట్టిబాటలోకి దిగి 4ఎల్ (నాలుగు చక్రాలకూ శక్తి, లో నిష్పత్తి) వేశాను. జీపీఎస్ 20 చూపుతున్నప్పుడు నా డిస్‌ప్లే 34 దగ్గర ఉంది. ఇంటికి వచ్చి లెక్క వేయనక్కరలేకుండానే కారణం తెలిసిపోయింది. పొట్టి షాఫ్టు ట్రాన్స్‌ఫర్ కేసుకు ముందు ఉంది. లోలో అదే షాఫ్టు కిలోమీటరుకు 4357 చుట్లు తిరుగుతుంది, హైలో కంటే 1.61 రెట్లు. కేసును న్యూట్రల్‌లో ఉంచి గేరు వేస్తే, బండి అంగుళం కూడా కదలకపోయినా ఆ షాఫ్టు తిరుగుతూనే ఉంటుంది, ఈసీయూ ప్రయాణంలో ఉన్నాననుకుంటుంది.

నిజానికి మాన్యువల్ గేర్లున్న ఈ ఇంజిన్‌కు ఆ తప్పువల్ల పెద్ద హాని ఏమీ కనిపించలేదు. ఆటోమేటిక్ గేరు పెట్టె అయితే ఎప్పుడు గేరు మార్చాలో వేగాన్ని చూసే నిర్ణయిస్తుంది కాబట్టి సమస్య వేరుగా ఉండేది. అయినా కిలోమీటర్ల లెక్క తప్పే మీటరును బండిలో ఉంచుకోవడం నాకు నచ్చదు. సెన్సర్ ట్రాన్స్‌ఫర్ కేసుకు వెనక ఉండాలి. ముందు ఇరుసుకు వెళ్లే షాఫ్టు పనికిరాదు, ఎందుకంటే 2హెచ్‌లో (వెనక చక్రాలకే శక్తి, హై నిష్పత్తి) దానికి ఇంజిన్ శక్తి అందదు. మిగిలింది కేసు నుంచి వెనక ఇరుసుకు వెళ్లే షాఫ్టును కలిపే ఫ్లాంజి (బోల్టుల పళ్లెం) ఒక్కటే.

జూన్ 22, ఆదివారం

వారమంతా వాన. ఆటోనగర్‌లో ఒక లేత్ మేస్త్రి చేత ఫ్లాంజికి తగిన అల్యూమినియం రింగును రెండు ముక్కలుగా చేయించాను. షాఫ్టు విప్పకుండానే రెండు వైపుల నుంచి మూసి బోల్టు వేయవచ్చు. రింగు చుట్టూ 90 డిగ్రీలకు ఒకటి చొప్పున నాలుగు గుంటలు తీయించి, వాటిలో అయస్కాంతాలను ఎపాక్సీతో అతికించాను. "నాలుగూ ఒకే బరువుండాలి బాబూ, లేకపోతే షాఫ్టు కొట్టుకుంటది" అని ఆ పెద్దాయన తన నగల తూకం లాంటి త్రాసు తీసి ఒక్కొక్కటి తూచి ఇచ్చాడు. నియోడైమియం అయస్కాంతం మామూలు రకమైతే 80 డిగ్రీలు దాటిన వేడికి బలం కోల్పోతుంది, పైన నికెల్ పూత గీసుకుపోతే సముద్రపు గాలికి పొడిపొడి అవుతుంది. అందుకే అయస్కాంతం ముఖం మీద కూడా ఎపాక్సీ పొర వేశాను.

రీడ్ స్విచ్చును మానేశాను. దానిలోని రేకులు మూసుకునేటప్పుడు ఒకసారి తాకి, ఎగిరి, మళ్లీ తాకుతాయి, ఈసీయూ ఒకదాన్ని రెండుగా లెక్కపెట్టవచ్చు. పైగా షాఫ్టు పక్కన అంత అదురులో గాజు గొట్టం ఎంతకాలం నిలుస్తుంది? డాబాగార్డెన్స్‌లో ఏ3144 హాల్ సెన్సర్లు అయిదు తెచ్చాను. దీనికి మూడు కాళ్లు: సరఫరా, భూమి, సంకేతం. అయస్కాంతపు దక్షిణ ధ్రువం ముఖానికి ఎదురుగా రాగానే సంకేతపు కాలును భూమికి కలుపుతుంది, దూరం కాగానే వదిలేస్తుంది. తనంతట తాను వోల్టేజి ఇవ్వదు. ఇది తెలియక మొదట మల్టీమీటరుతో రెండింటిని పరీక్షించి చచ్చిపోయాయనుకుని పక్కన పడేశాను. సరఫరాకూ సంకేతానికీ మధ్య ఒక నిరోధం పెట్టాక రెండూ బ్రహ్మాండంగా పనిచేశాయి.

జూన్ 29, ఆదివారం

నాలుగు అయస్కాంతాలకు కిలోమీటరుకు 7684 స్పందనలు. కావలసింది 2548. భాగిస్తే 3.016. ఇది పూర్తిగా నా అదృష్టం. ఎత్తు తక్కువ టైరు అయినా, మరో ఇరుసు అయినా ఇలా పూర్ణసంఖ్యకు దగ్గరగా వచ్చేది కాదు, ప్రోగ్రాము రాసిన బోర్డు ఒకటి మధ్యలో పెట్టవలసి వచ్చేది. ఇక్కడ సీడీ4017 అనే పాత లెక్కింపు చిప్పు చాలు. దాని నాలుగో కాలును, అంటే మూడు అని చెప్పే అవుట్‌పుట్‌ను, రీసెట్‌కు కలిపితే సున్నా, ఒకటి, రెండు అని లెక్కపెట్టి మళ్లీ సున్నాకు వస్తుంది. ఇక్కడ నాలుగో కాలు అన్నది వరసలో నాలుగో అవుట్‌పుట్ అన్న అర్థంలో రాశాను, చిప్పు మీద కాళ్ల నంబర్లు ఆ వరసలో ఉండవు, పటం చూసే కలపాలి. సున్నా అవుట్‌పుట్ నుంచి ఒక బీసీ547 ట్రాన్సిస్టరు ద్వారా ఈసీయూ తీగను భూమికి లాగాను. ఆర్డుయినోతోనే భాగించవచ్చు కదా అని ఒక మిత్రుడు అన్నాడు. డిస్‌ప్లే ఆగిపోతే నాకు అంకె కనిపించదు, అంతే. అదే బోర్డు ఈసీయూ దారిలో ఉండి ఆగిపోతే బండి కూడలిలో ఆగుతుంది. ప్రోగ్రామే లేని చిప్పు మీద నాకు నమ్మకం ఎక్కువ.

చిప్పుకూ సెన్సర్‌కూ 5 వోల్టుల రెగ్యులేటరు, దాని ముందు డయోడు, కెపాసిటర్లు పెట్టాను. భూమి తీగను ఛాసిస్‌కు కాకుండా ఈసీయూ సెన్సర్ల కోసం ఇచ్చిన భూమికే తీసుకెళ్లాను. స్పార్క్ ప్లగ్గు తీగలకు దూరంగా, కవచమున్న తీగ వాడాను.

సాయంత్రం పరీక్షకు వెళ్తే, జీపీఎస్ 40 చూపినప్పుడు నా డిస్‌ప్లే 30 చూపింది. 60కి 45. తప్పు ఇంత కచ్చితంగా ముప్పాతిక వంతు ఉందంటే నాలుగింటిలో ఒకటి పలకడం లేదన్నమాట. బండి కిందికి దూరి దిక్సూచితో చూస్తే, మూడో అయస్కాంతం తలకిందులుగా అతికి ఉంది, ఉత్తర ధ్రువం బయటికి. ఎపాక్సీ గట్టిపడింది కాబట్టి దాన్ని తొలిచి తీయడానికి ఒక పూట పట్టింది.

జూలై 6, ఆదివారం

అయస్కాంతం తిరగేశాక అంకెలు కుదిరాయి, కానీ మరో వింత. మామూలుగా వెళ్తున్నంతసేపు బాగుంది, రెండో గేరులో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కిన ప్రతిసారీ డిస్‌ప్లే ఒక క్షణం సున్నా చూపి మళ్లీ పైకి వస్తోంది. తీగలు, ప్లగ్గులు, టంకాలు అన్నీ వెతికాను. చివరకు మెకానిక్ బండిని కదలకుండా పట్టి, క్లచ్ కొంచెం వదిలి ఇంజిన్ చేత లాగించాడు, నేను పక్కన పడుకుని టార్చి వేసి చూశాను. ట్రాన్స్‌ఫర్ కేసు మొత్తం తన రబ్బరు మౌంట్ల మీద మెలితిరిగి ఒక పక్కకు వంగుతోంది. సెన్సర్ బ్రాకెట్టును నేను ఛాసిస్‌కు బిగించాను. కేసుతోపాటు రింగు పక్కకు జరుగుతోంది, సెన్సర్ ఉన్నచోటే ఉంటోంది. 3 మిల్లీమీటర్లు ఉండవలసిన ఖాళీ వేలు దూరేంత అవుతోంది.

బ్రాకెట్టును విప్పి, కేసు బోల్టులకే బిగించేలా కొత్త రేకు కోయించాను. ఇప్పుడు కేసు ఎంత వంగినా సెన్సర్ కూడా దానితోపాటే వంగుతుంది. రెండో గేరు, మొదటి గేరు, రివర్సు, అన్నింటిలో తొక్కి చూశాను, అంకె తొణకలేదు. "మీటరుకీ ఇంజిన్‌కీ సంబంధం ఉన్నట్టే ఉంది సార్" అన్నాడు మెకానిక్.

జూలై 13, ఆదివారం

తెల్లవారుజామునే 16వ నంబరు జాతీయ రహదారి మీద కిలోమీటరు రాళ్లు చూసుకుంటూ పది కిలోమీటర్లు నడిపాను. డిస్‌ప్లే 10.1 చూపింది. లెక్క ప్రకారం అర శాతం ఎక్కువ రావాలి, ఒకే దశాంశం చూపే డిస్‌ప్లేలో అది 10.1గా కనిపించడం సరిగానే ఉంది. తిరుగు దారిలో అదే మట్టిబాటలో 4ఎల్ వేశాను. జీపీఎస్ 15, డిస్‌ప్లే 15. లో గేర్లను తారురోడ్డు మీద పరీక్షించకపోవడానికి కారణం ఉంది. ఈ కేసులో ముందు వెనక షాఫ్టులు ఒకటిగా కలిసిపోతాయి, మలుపుల్లో వాటి చుట్ల తేడాను సర్దే డిఫరెన్షియల్ మధ్యలో లేదు, గట్టి నేల మీద ఆ తేడా అంతా గేర్ల మీద, జాయింట్ల మీద పడుతుంది.

చెక్ ఇంజిన్ దీపం వెలగలేదు. ఎన్‌ఏడీలో మూడుసార్లు కావాలనే ఆగి చూశాను.

జూలై 20, ఆదివారం

నైలాన్ గేరు దొరికింది. కేబులు మీటరు కూడా ఇప్పుడు తిరుగుతోంది, ముల్లు 60 దగ్గర ఉన్నప్పుడు డిస్‌ప్లే 57 చూపుతోంది. ఆ గేరు వేరే ఇరుసుకు, వేరే టైరుకు చేసినది కాబట్టి ఆ తేడా ఉంటుంది. ముల్లు కాస్త ఎక్కువ చూపడం పోలీసుల వేగం కొలిచే స్పీడ్ గన్ ముందు నాకు మేలే కాబట్టి దాని జోలికి పోలేదు.

భీమిలి దారిలో రెండు వారాలు తిరిగిన తరువాత సెన్సర్ ప్లగ్గు విప్పితే ఒక పిన్ను మీద ఆకుపచ్చని చిలుము అప్పుడే మొదలైంది. పిన్నులు గీకి, డైఎలెక్ట్రిక్ గ్రీజు నింపి, జిగురు పూత ఉన్న కుంచించుకునే గొట్టం తొడిగి వేడిచేశాను. వచ్చే నెల మళ్లీ విప్పి చూడాలి.